25 యూనిట్లు పెరిగితే 355 రూపాయలు ఎందుకు పెరిగాయి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా ముందు మీ లెక్కలే ఇక్కడ పెడతాను. నాచారంలో డాబా ఇంటి పై పోర్షన్, అద్దె. మీరు, మీవారు, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు. మార్చిలో 187 యూనిట్లు కాలింది, ఏప్రిల్‌లో 212. మేలో ఏసీ రాత్రంతా వేసేసరికి 338 యూనిట్లు, బిల్లు 2,300. మీవారేమో ఏసీ అమ్మేసి కూలర్ కొందామంటున్నారు. మీరేమో లైట్ల దగ్గర, మిక్సీ దగ్గర పిల్లలతో రోజూ గొడవ పడుతున్నారు. "ఇంత జాగ్రత్తగా ఉన్నా ఎందుకు తగ్గట్లేదు? ఇంకేం వదులుకోవాలి?" అని అడిగారు.

నేను కరెంటాఫీసులో 31 ఏళ్లు చేసి దిగినవాణ్ణి. సగం కాలం స్తంభాల మీద, సగం కాలం బిల్లుల ఫిర్యాదుల దగ్గర. ఇప్పటికీ మా కాలనీలో ఎవరికి బిల్లు ఎక్కువొచ్చినా ఆ కాగితం పట్టుకుని మా గేటు దగ్గరకే వస్తారు. అందుకని చనువుగా ఒక మాట చెబుతున్నాను. మీరు గొడవ పడాల్సిన చోట పడటం లేదు, పడక్కర్లేని చోట పడుతున్నారు.

మిక్సీ రోజుకు పావుగంట తిరిగితే నెలంతా కలిపి ఐదారు యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజూ ఐదు గంటలు వెలిగితే నెలకు యూనిట్టున్నర కూడా కాదు. బాత్రూమ్ లైటు ఆర్పలేదని పిల్లాడి మీద అరిచిన అరుపు ఖరీదు నెలకు ఆరేడు రూపాయలు. టీవీ కింద సెట్‌టాప్ బాక్సు ఉంది చూశారా? చేత్తో ముడితే ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. 12 వాట్ల చొప్పున 24 గంటలూ లాగితే నెలకు ఎనిమిదిన్నర యూనిట్లు. అంటే ఆరు బల్బుల ఖర్చు. దాని మీద మాత్రం ఎవరూ అరవరు.

ఇక అసలు సంగతికి వస్తాను. మార్చికీ ఏప్రిల్‌కీ మధ్య మీకు పెరిగింది 25 యూనిట్లే. ఎనర్జీ చార్జీ, అంటే కాలిన యూనిట్లకు పడే ధర మాత్రం 355 రూపాయలు పెరిగింది. మీటరు తప్పేమో అని రాశారు. తప్పు కాదు, తెలంగాణలో శ్లాబులు అలా ఉన్నాయి. 2022 నుంచి నడుస్తున్న రేట్లు ఇవి: వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వంద 3.40 చొప్పున, ఆ పైది 4.80 చొప్పున. 200 దాటిందా, మొదటి 200 యూనిట్లన్నీ కలిపి 5.10కి ఎక్కుతాయి. దాటినవి 300 దాకా 7.70, అక్కణ్ణుంచి 400 దాకా 9 రూపాయలు. పాత వందకు వేసిన 3.40 చెరిగిపోతుంది.

వేసి చూడండి. 200 యూనిట్లకు 820 రూపాయలు. 201కి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్టు ఖరీదు 207 రూపాయల 70 పైసలు. 100 దగ్గరా ఇలాంటి మెట్టే ఉంది. 100 యూనిట్లకు 252 రూపాయల 50 పైసలు, 101కి 344 రూపాయల 80 పైసలు. కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం దీనికి అదనం. తెల్లరేషన్ కార్డుండి గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చేవాళ్లకు ఈ 200 గీత ఇంకా కఠినం. 200 దాకా సున్నా, 201 అయితే మొత్తం కట్టాలి. మీకు కార్డు లేదన్నారు కాబట్టి ఆ గొడవ మీకు లేదు.

ఆంధ్రలో ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారేమో. మీకు ఈ మెట్టు లేదు. అక్కడ 30 దాకా 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఏ ముక్కకు ఆ రేటే పడుతుంది, వెనకవి మారవు. అయినా 226వ యూనిట్టు నుంచి ధర 6 నుంచి 8.75కి ఎగురుతుంది. ట్రూ అప్ పేరుతో, అంటే పాత ఖర్చుల తేడా కింద తర్వాత వేసేవి వేరే. మీరు చూసుకోవాల్సిన గీత 225.

కాబట్టి అమ్మా, పొదుపంటే అన్నీ తలా కాస్త తగ్గించడం కాదు. చివరన కాలే యూనిట్లే ఖరీదైనవి. మీకు మేలో ఒక్కో యూనిట్టు తొమ్మిది రూపాయల సరుకు, మార్చిలో అదే యూనిట్టు 4.80. ఏ నెలలో ఏం వదులుకోవాలో ఈ రేటు చూసి నిర్ణయించుకోవాలి.

ముందు ఇంట్లో దొంగను పట్టుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు. మీ మీటరు ముందుభాగంలో చిన్న ఎర్ర లైటు మినుక్కుమంటూ ఉంటుంది. దాని పక్కనే 3200 అనో 1600 అనో అంకె వేసి ఉంటుంది. 3200 అంటే ఆ లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్టు కాలినట్టు. నిమిషానికి ఒక్కసారి మెరుస్తోందంటే సుమారు 19 వాట్లు నడుస్తున్నట్టు. నాలుగుసార్లయితే 75 వాట్లు, అంటే ఒక పాత ఫ్యాను.

పోయిన ఏడాది మా వెనక వీధిలో ఒక టీచరుగారింటికి వెళ్లాను. నెలనెలా 210, 220. ఏసీ కూడా లేదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫ్రిజ్ ప్లగ్గు పీకించి, ఫ్యాన్లు, లైట్లు, టీవీ అన్నీ ఆపించి, మెట్ల కింద మీటరు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయన టార్చి పట్టుకున్నాడు, వాళ్లావిడ గోడ గడియారం తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. ఐదు నిమిషాల్లో 15 మెరుపులు. ఇంట్లో ఒక్క దీపం లేదు, మీటరు మాత్రం నిమిషానికి మూడుసార్లు కన్ను కొడుతోంది. 56 వాట్లు. రాత్రీ పగలూ లెక్కేస్తే నెలకు 40 యూనిట్లు.

ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చాం. సెట్‌టాప్ బాక్సు, వైఫై డబ్బా తీస్తే 15 కాస్తా తొమ్మిదయ్యాయి. దోమల మందు మిషను, ఛార్జర్లు తీస్తే పెద్ద తేడా రాలేదు. చివరికి హాల్లో మూలనున్న ఇన్వర్టర్ ప్లగ్గు తీస్తే మెరుపు ఆగిపోయింది. ఏడేళ్ల బ్యాటరీ. చెయ్యి వేస్తే వేడిగా ఉంది. ఎంత ఎక్కించినా నిండదు, నిండనిది లాగుతూనే ఉంటుంది. నెలన్నరకోసారి డిస్టిల్డ్ వాటర్ పోస్తున్నామని ఆవిడే చెప్పింది. అది బ్యాటరీ పని అయిపోయిందనడానికి గుర్తు. దాన్ని పాతసామాన్లో మార్చి కొత్తది తెచ్చుకున్నారు, టీవీకి వైఫైకి కలిపి ఒక స్విచ్చు బోర్డు పెట్టుకుని పడుకునేముందు ఆపేస్తున్నారు. తర్వాతి నెల 183.

మీరూ ఇదే చెయ్యండి. పిల్లల్నే లెక్కపెట్టమనండి, వాళ్లకు సరదాగా ఉంటుంది. తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. మీటరు డబ్బా మూత తీయొద్దు, వైర్లు ముట్టొద్దు, ఇంట్లో ప్లగ్గులు, స్విచ్చులతోనే పని.

అద్దెకున్నవాళ్లు ఇంకో పరీక్ష కూడా చెయ్యాలి. పగటిపూట మీ పోర్షన్ మెయిన్ స్విచ్చు కిందికి దించండి. మెట్ల లైటు ఆరిందా? కిందవాళ్లెవరైనా మోటారు వేస్తే తిరుగుతోందా? మీ మెయిన్ దించినప్పుడు ఉమ్మడి మోటారు ఆగిపోయిందంటే ఇల్లందరికీ నీళ్లు మీ మీటరు మీద ఎక్కుతున్నాయన్నమాట. ఇంటాయన కావాలని చేశాడని అనుకోనక్కర్లేదు, వైరింగ్ చేసినవాడు దగ్గరున్న ఫేజు లాగేసి ఉంటాడు. ఇలాంటివి నా చేతుల మీదుగా పదుల్లో సరిచేశాం. అర హెచ్‌పీ మోటారైనా గంటకు అర యూనిట్టు పైనే లాగుతుంది. రెండు పోర్షన్లకు కలిపి ఒకే మీటరు ఉన్నా నష్టమే. ఇద్దరూ చెరో 120 వాడితే 240 అయి కూర్చుంటుంది, చౌక శ్లాబు ఇద్దరికీ దక్కదు. మీకు విడి మీటరు ఉందన్నారు, మంచిది.

ఇక ఏసీ. అమ్మొద్దు.

మీవారి లెక్క నాకు అర్థమైంది. 1.5 టన్నుల ఏసీ 22 మీద పెట్టి రాత్రి పది నుంచి ఆరింటిదాకా వేస్తే మీ బిల్లు ప్రకారం రాత్రికి ఐదు యూనిట్లు, నెలకు 150. కూలర్ 180 వాట్లు, అదే ఎనిమిది గంటలకు నెలకు 43 యూనిట్లు. కాగితం మీద కూలరే గెలుస్తుంది. మన హైదరాబాదు ఏప్రిల్, మే నెలల పొడి గాలికి కూలర్ నిజంగా పనిచేస్తుంది కూడా. కానీ అది కిటికీ తెరిచి బయటి గాలి లాగితేనే చల్లన. చాలామంది తలుపులు బిగించి గది మధ్యలో పెడతారు, గంటకల్లా గదంతా చెమ్మ, దుప్పటి తడిగా అంటుకుంటుంది. పైగా రోజుకు బిందెలకొద్దీ నీళ్లు కావాలి. ఎండాకాలం ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఇల్లయితే ఆ లెక్క కూడా కలుపుకోవాలి. జూన్‌లో వాన పడ్డాక దానితో పని లేదు. విశాఖ, కాకినాడ వైపు వాళ్లకైతే ఏ నెలలోనూ నేను కూలర్ చెప్పను. సముద్రపు గాలిలో ఉన్న తడే చాలు.

మీరు ఏసీని ఉంచుకుని వాడకం మార్చండి. 26 పెట్టి, ఫ్యాను రెండు మీదో మూడు మీదో తిప్పండి. ఫ్యాను గాలి ఒంటికి తగిలితే 26 కూడా 24లాగే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్రప్రభుత్వ సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన కూడా అందుకే వచ్చింది. 22 పెడితే తొందరగా చల్లబడుతుందని అనుకోవడం ఉత్త భ్రమ. మామూలు ఏసీ 22 పెట్టినా 26 పెట్టినా మొదట్లో ఒకే వేగంతో చల్లబరుస్తుంది, 22 అయితే ఎక్కువసేపు ఆగకుండా తిరుగుతుంది.

రెండోది, టైమరు తెల్లవారుజాము నాలుగుకు పెట్టండి. పై పోర్షన్ కదా, వేడెక్కదా అంటారు. డాబా స్లాబు పగలు తాగిన ఎండను సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా కిందికి కక్కుతూ ఉంటుంది. నాలుగింటికల్లా అది బాగా చల్లబడి ఉంటుంది. తలుపు తీయకపోతే ఆరింటిదాకా ఫ్యాను మీద గడిచిపోతుంది. ఏసీ వేసేముందు రాత్రి ఎనిమిదిన్నరకు కిటికీలు తెరిచి ఫ్యాను వేసి అరగంట వేడి గాలి బయటికి పోనివ్వండి. ఫిల్టరు జాలీ పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడగండి. ఈ నాలుగూ కలిపితే రాత్రికి రెండు యూనిట్లు తగ్గుతాయని నా అంచనా. నెలకు 60. మేలో మీ రేటుకు అది 500 రూపాయల మాట.

ఎండాకాలం రెండు నెలలు అందరూ ఒకే గదిలో పడుకోగలరేమో చూడండి. అత్తయ్యగారికి మంచం, మిగతావాళ్లకు కింద పరుపు. మా ఇంట్లో పిల్లలు చిన్నప్పుడు అదే చేశాం. ఇప్పుడు అమెరికా నుంచి వచ్చినప్పుడు కూడా వాళ్లకు ఆ గది కబుర్లే గుర్తు, ఏసీ గుర్తు లేదు.

డాబా గురించి ఇంటాయనతో ఒకసారి మాట్లాడండి. మార్చి నెలాఖరులో పైకప్పుకు సున్నంలో గమ్ము కలిపి రెండు పూతలు వేయిస్తే గది వేడి తగ్గడం చేత్తో ముట్టుకుని చూడొచ్చు. తెల్ల పెయింటు ఖరీదు ఎక్కువ కానీ మూడు నాలుగేళ్లు ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది ఈ ఉద్దేశంతోనే. ఇంటాయన ఒప్పుకోకపోతే సున్నం ఖర్చు మీరే పెట్టుకోండి, నేనైతే పెట్టుకుంటాను. పడమటి కిటికీకి బయటివైపు తడిక కట్టడం, లోపల పరదా వేయడం కంటే నయం. అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండ ఇక బయటికి పోదు.

ఫ్యాన్ల దగ్గర మీకు తెలియని డబ్బు ఉంది. పాత ఫ్యాను 75 వాట్లు. బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారుది, 30 వాట్ల చుట్టూ. ఐదుగురున్న ఇంట్లో హాలు ఫ్యాను, పడకగది ఫ్యాను రోజుకు పద్నాలుగు గంటలకు తగ్గవు. ఒక్కోదానికి నెలకు 19 యూనిట్లు మిగులుతాయి, రెండిటికి 38. ఫ్యాను 2,500 నుంచి 3,000 దాకా ఉంటుంది. 200 లోపు రేటు ప్రకారం ఒక్కోటి నెలకు 90 రూపాయలు తిరిగిస్తుంది, 200 దాటిన నెలల్లో 145. రెండు, రెండున్నరేళ్లలో డబ్బు తేలిపోతుంది. అద్దె ఇల్లని వెనకాడకండి, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పోవచ్చు, పాతవి మళ్లీ తగిలించి. వీటికి గోడ రెగ్యులేటరు వాడకూడదు, రిమోట్ మీదే తిప్పాలి. రిమోట్ సోఫా సందుల్లో పోతుందని మా ఆవిడ దారం కట్టి మేకుకు వేలాడదీసింది. రోజుకు గంటో రెండు గంటలో తిరిగే ఫ్యాన్లు మాత్రం మార్చకండి, దండగ.

మార్చడం ఇప్పుడు కుదరకపోతే రెగ్యులేటరు ఒకసారి చూడండి. పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటరు అయితే ఫ్యాను తగ్గించినా కరెంటు అంతగా తగ్గదు, ఆ మిగిలింది డబ్బాలో వేడిగా పోతుంది. 200, 300 పెట్టి చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు పెట్టించండి.

ఫ్రిజ్ విషయంలో నా సొంత తెలివితక్కువతనం చెబుతాను. నాలుగేళ్ల కింద మా వంటింట్లో అలమార చేయించాం. వడ్రంగి ఫ్రిజ్‌ను మూలకు నెట్టి మూడు వైపులా చెక్క బిగించాడు. చూడ్డానికి బాగుంది. నెలకు 20 యూనిట్లు పెరిగాయి. మెకానిక్ వచ్చి గ్యాస్ తగ్గిందని చెప్పి 1,800 తీసుకున్నాడు. కరెంటాఫీసులో జీవితమంతా గడిపిన నేను ఆ డబ్బు ఇచ్చేశాను! నెల తర్వాత దుమ్ము దులపడానికి వెనక చెయ్యి పెడితే కాలిపోతోంది. జానెడు ముందుకు లాగి, పక్క చెక్క ఒకటి తీయించాం, అంతే. ఫ్రిజ్ లోపలి వేడిని వెనక నుంచి బయటికి తోస్తుంది, తోయడానికి దారి లేకపోతే తిరుగుతూనే ఉంటుంది. మీది గోడకు జానెడు ఎడం ఉందో లేదో చూడండి. తలుపు మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి, తేలిగ్గా జారిపోతే తలుపు రబ్బరు పోయినట్టు. రబ్బరు మార్పించడం ఫ్రిజ్ మార్చడం కంటే ఎంతో చౌక. ఐసు మందంగా పట్టనివ్వకండి, వేడి సాంబారు నేరుగా పెట్టకండి.

ఇండక్షన్ స్టవ్ సంగతి. "గ్యాస్ ధర చూసి ఇండక్షన్ కొన్నాం, ఇప్పుడు బిల్లు చూసి భయమేస్తోంది" అన్నారు. దీనికి ఔను, కాదు అని ఒకే జవాబు లేదు. 14.2 కిలోల సిలిండరు చేసే వంట ఇండక్షన్ మీద చెయ్యాలంటే సుమారు 140 యూనిట్లు పడుతుంది. గ్యాస్ మంటలో మూడో వంతు గిన్నె పక్కనుంచి గాల్లోకి పోతుంది, ఇండక్షన్‌లో వృథా తక్కువ, అది కూడా కలుపుకునే ఈ లెక్క. సిలిండరు 900 అనుకుంటే యూనిట్టు ఆరున్నర రూపాయల లోపు పడినంతకాలం ఇండక్షనే చౌక, దాటితే గ్యాస్ చౌక. చలికాలంలో మీ చివరి యూనిట్టు 4.80, పాలు, టీ, వేణ్ణీళ్లు ఇండక్షన్ మీద కానివ్వండి, 200 గీత దాటకుండా చూసుకుంటూ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా దాన్ని తుడిచి అటక ఎక్కించండి. ఆంధ్రలోనైతే 225 దాకా ఇండక్షన్, ఆ పైన గ్యాస్.

గ్యాస్ దగ్గర మీకు నేను చెప్పేదేముంది, మా ఆవిడ మాట ఒకటి చేరుస్తాను. కుక్కరు మొదటి కూత వేశాక మంట తగ్గించాలి. నీళ్లు మరగడం మొదలయ్యాక పెద్దమంట పెట్టినా పప్పు తొందరగా ఉడకదు, ఆవిరి మాత్రం పోతుంది. కందిపప్పు అరగంట నానబెట్టడం, అన్నం గిన్నె పప్పు గిన్నె ఒకే కుక్కర్లో పెట్టడం మీకు తెలిసినవే. మంట పసుపురంగులో లేస్తే బర్నరు రంధ్రాలు పిన్నుతో శుభ్రం చెయ్యండి.

గీజరుకూ ఇదే శ్లాబు లెక్క వర్తిస్తుంది. ఐదుగురికి తలా ఒక బకెట్టు వేణ్ణీళ్లంటే నెలకు 50 యూనిట్ల పైమాటే. చలికాలంలో అదే మిమ్మల్ని 200 గీత దాటిస్తుంది. పొద్దున్నే స్విచ్చు వేసి గంటల తరబడి వదిలేసే అలవాటుంటే మానుకోండి. పావుగంట వేసి, ఆపి, ఒకరి వెంట ఒకరు స్నానం చేసెయ్యండి. గ్యాస్ గీజరు పెట్టుకుంటే అది బాత్రూమ్ లోపల వద్దేవద్దు. మూసిన గదిలో ఆ పొగకు రంగూ వాసనా లేని విషం పుడుతుంది, ప్రాణాలు పోయాయి.

ఎవరో మీకు 1,200కి పవర్ సేవర్ అని ప్లగ్గులో పెట్టే డబ్బా అమ్మజూపారట. కొనకండి. నేను ఒకటి విప్పి చూశాను. లోపల ఒక కెపాసిటరు, బయటికి కనబడే పచ్చలైటు. కెపాసిటరు పవర్ ఫ్యాక్టర్ సరిచేస్తుంది, నిజమే, కానీ ఇళ్ల బిల్లు కాలిన యూనిట్ల మీదే వేస్తారు, పవర్ ఫ్యాక్టర్ మీద కాదు. ఆ పచ్చలైటు ఖర్చు మాత్రం మీ మీదే. మీటరుకు అయస్కాంతం పెడితే తిరగదని చెప్పేవాళ్లూ ఉంటారు. అది విద్యుత్ చౌర్యం, 2003 చట్టం 135వ సెక్షను కింద కేసు. కొత్త మీటర్లు అయస్కాంతం పెట్టిన సంగతి రాసిపెట్టుకుంటాయి కూడా.

సోలార్ అడిగారు. అద్దె ఇంట్లో మీకు కుదరదు. ఇంటాయనకు మాత్రం చెప్పండి, 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన వస్తుంది. సొంత డాబా ఉండి నెలకు 300 దాటేవాళ్లకు బాగా గిట్టుబాటు. 120 వాడేవాళ్లకు అంత తొందరేం లేదు.

ఇప్పుడు మీ మే నెలే మళ్లీ వేద్దాం. 338లో ఏసీ దగ్గర 60, రెండు ఫ్యాన్ల దగ్గర 38, ఫ్రిజ్, సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టర్ దగ్గర ఒక 20 తీసేస్తే 220. ఎనర్జీ చార్జీ 2,132 ఉన్నది 1,174 అవుతుంది. చూశారా, ఇంకా 200 దాటే ఉంది. ఉండనివ్వండి. మే నెలలో ఆ 20 యూనిట్ల కోసం అత్తయ్యగారి ఏసీ ఆపమని నేను చెప్పను. ఆవిడకు బీపీ ఉందని కూడా రాశారు. ఏప్రిల్ చూడండి. 212లో 58 తీస్తే 154, చార్జీ 1,112 నుంచి 599కి దిగుతుంది. ఏసీ లేని నెలల్లో మీరెప్పుడూ 200 దాటకూడదు, గట్టిగా పట్టుకోవాల్సింది అక్కడ.

దానికి ఒక చిన్న అలవాటు చేసుకోండి. బిల్లు కొట్టిన రోజు మీటరు ఫోటో తీసి, రీడింగు క్యాలెండరు మీద రాయండి. పదిహేనో రోజు మళ్లీ చూడండి. వంద దాటిందంటే ఇంకో పదిహేను రోజులు వాషింగ్ మిషన్‌లో వేణ్ణీళ్ల మోడ్ వద్దు, ఇస్త్రీ బండివాడికి ఇవ్వండి, ఇండక్షన్ ముట్టొద్దు. ఇరవై ఐదో రోజుకు 175 దాటితే మిగిలిన ఐదు రోజులే జాగ్రత్త పడాల్సినవి. అప్పుడు లైట్ల మీద అరిచినా ఒక అర్థముంది, అది కూడా ఐదు రోజులే.

ముందు ఇన్వర్టర్ ప్లగ్గు తీసి మెరుపులు లెక్కపెట్టండి. బ్యాటరీ ఎప్పటిదో మీరు రాయలేదు. మెరుపులెన్నో, మీటరు మీద అంకె 3200నో 1600నో, బ్యాటరీ కొన్న సంవత్సరం ఈ మూడూ రాయండి, మిగతాది చెబుతాను. ఏసీ మాత్రం అప్పటిదాకా ఎవరికీ బేరం పెట్టొద్దని మీవారితో చెప్పండి.